ఇరవై నిమిషాలు తగ్గకూడదు

టైంపీసు కింద గోనెగుడ్డ వెయ్యవలసింది, మడ్గార్డు అదురుకి అది అరంగుళం అరంగుళం చొప్పున అంచువైపు నడుస్తోంది, కృపామణి పుట్టింటి నుంచి తెచ్చుకున్న టైంపీసు, దాని అద్దం పగిలితే ఇంజను బాగుపడిన సంతోషం ఇంటి గుమ్మం దాటి లోపలికి రాదు, అనుకుంటూ శాంతిరాజు ఎడమచేత్తో దాన్ని వెనక్కి లాక్కున్నాడు, కుడిచెయ్యి మాత్రం కార్బొరేటరు కడ్డీ మీద నుంచి తియ్యలేదు, ఏడూ పది, స్టార్టయింది ఏడూ ఎనిమిదికి, రెండు నిమిషాలు అయ్యాయి, ఇంకా పద్దెనిమిది ఉన్నాయి, ఈ పద్దెనిమిది నిమిషాలూ ఇంజను ఇదే గొంతులో ఉండాలి, కాస్త పెరిగితే పరవాలేదు, తగ్గితే మాత్రం మూడు నెలల కిందటి కథే మళ్ళీ మొదలు, గొంతు అంటే హార్మోనియం మీద ఎడమ చివర నుంచి ఐదో తెల్లమెట్టు, ఆదివారం చర్చిలో తను ఆ మెట్టు నొక్కి పట్టుకుంటే వచ్చే శ్రుతి, ఈ బస్సులో ఇంజను వేగం చెప్పే ముల్లు లేదు, మిలటరీ వర్క్‌షాపులో ముల్లు రెండు వేల మీద నిలబడ్డప్పుడు ఇంజను ఏ శ్రుతిలో మోగిందో అతని చెవి గుర్తుపెట్టుకుంది, పదమూడేళ్ళయినా మరిచిపోలేదు, చెవికి ఉన్న జ్ఞాపకం తలకి కూడా ఉంటే మొదటి కేమ్ షాఫ్టు పోయేది కాదు, ఆ షాఫ్టు పొడవు రెండు మూరలు, దాని మీద పన్నెండు మొనలు, ఒక్కో మొన ఒక్కో వాల్వును ఎత్తి దించాలి, కొత్త షాఫ్టు వేసినప్పుడు మొదటి ఇరవై నిమిషాల్లో ఆ మొనలు తమ మీద ఆనే టాపెట్లతో ఒరుసుకుని నునుపెక్కాలి, ఇంజను జోరుగా తిరిగితే కింద తొట్టిలోని ఆయిలు చిమ్మి మొనలను తడుపుతుంది, నెమ్మదిగా తిరిగితే చిమ్మదు, ఇనుము మీద పొడి ఇనుము, అరిగిపోవడానికి గంట చాలు, కావలిస్తే ఇంజను పూర్తిగా ఆపెయ్యొచ్చు, మళ్ళీ స్టార్టు చెయ్యొచ్చు, కాని తిరుగుతున్నంతసేపూ తగ్గకూడదు, ఇంత చిన్న సంగతి.

పరదేశి హేండిలు తిప్పి రెండో ఊపుకే ఇంజను అందించాడు, ఆ మాట ఒప్పుకోవాలి, పదిసార్లు హేండిలు తిప్పితే మొనలకి పూసిన గ్రీజంతా గీసుకుపోతుందని శాంతిరాజు రాత్రే చెప్పి ఉంచాడు, కార్బొరేటరులో పెట్రోలు చేత్తో పోశాడు, ప్లగ్గులు ఆరూ తుడిచి పెట్టాడు, పరదేశి హేండిలు పట్టుకునే ముందు రెండు అరచేతుల్లోనూ ఉమ్మేసుకుని, మేస్త్రీ, ఇది అందుకోకపోతే నా పేరు మార్చుకుంటాను, అన్నాడు, ఏ పేరు పెట్టుకుంటావురా అంటే, నీ పేరే పెట్టుకుంటాను, ఊల్లో తిట్లు ఇద్దరం పంచుకోవచ్చు, అన్నాడు, పన్నెండేళ్ళుగా ఈ బస్సు తోలుతున్నవాడు, బస్సు కన్నా ముందు ఈ రూటులోనే జట్కా తోలినవాడు, బస్సు గోల మీద మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా అరుస్తాడు, ఇప్పుడు రేడియేటరు దగ్గర బిందె పట్టుకుని నిలబడి, ఆవిరి వచ్చినప్పుడల్లా డబ్బాడు నీళ్ళు పోస్తున్నాడు, మేస్త్రీ, ఇది పాడతన్నాదా ఏడుస్తన్నాదా అని అరిచాడు, పాడతంది అని శాంతిరాజు అరిచాడు, అలగైతే మీ ఏసుబాబు పాటే అయ్యుంటాది, నాకు ఒక్క ముక్క అరదం అవ్వనేదు, అని అరిచి తనే నవ్వుకున్నాడు, ఎదుటి పాకలో ఇడ్లీలు అమ్మే నరసమ్మ గరిట పట్టుకుని రోడ్డు మధ్యకి వచ్చి, ఓరి నాయనో, ఏటా గోల, ఎవురెన్ని ఇడ్లీలు అడిగేరో ఇనపడి సావడం నేదు, నాలుగంటే ఏడెట్టేసినాను, అంది, పెట్టు పెట్టు, తిన్నోడు ఏడిసేడా అన్నాడు పరదేశి, నరసమ్మ గరిట చూపించి వెళ్ళిపోయింది, నాలుగు నిమిషాలు, టైంపీసు మళ్ళీ నడిచింది, వెనక్కి లాగాడు, శ్రుతి సరిగానే ఉంది, తెల్లమెట్టు, ఐదోది.

మూడు నెలల కిందట కూడా ఇదే షెడ్డు, ఇదే బస్సు, యుద్ధం అయ్యాక మిలటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన షెవర్లే లారీ, దాని మీద పెదబాబు గారు టేకు బాడీ కట్టించి చోడవరం నుంచి అనకాపల్లికి తిప్పుతున్నారు, ఉన్నది ఈ ఒక్క బస్సే, అప్పుడు కూడా ఇంజనంతా విప్పి బోరు కొట్టించి పిస్టన్లూ బేరింగులూ కొత్తవి వేసి, మద్రాసు నుంచి తెప్పించిన కేమ్ షాఫ్టు వేశాడు శాంతిరాజు, అది మార్గశిర మాసం, గురువారం, పెదబాబు గారి తల్లి అచ్చియ్యమ్మ గారు ఇత్తడి పళ్ళెంలో కర్పూరం, కొబ్బరికాయ, బెల్లం పరమాన్నం పట్టుకుని వచ్చారు, ఇంటి ఆడవాళ్ళూ వీధి ఆడవాళ్ళూ కలిసి పధ్నాలుగుమంది వెనక వచ్చారు, కొత్త ఇంజనుకి తిరుగుతుండగానే హారతి ఇవ్వాలి, ఆ ఇంట అది మొదటి జట్కా నాటి నుంచి ఉన్న ఆచారం, జట్కా అయితే గుర్రానికి ఇచ్చేవారు, గుర్రానికి ఫ్యాను లేదు, ఇంజనుకి ఉంది, వెలిగించిన కర్పూరం ఫ్యాను గాలికి ఆరిపోయింది, ఓలమ్మ, ఆరిపోయిందే, కాసింత నిదానం సెయ్యిరా శాంతిరాజు, అన్నారు అచ్చియ్యమ్మ గారు, చేశాడు, ఇంజను స్లోలో పెట్టాడు, మంట నిలబడింది, ఆవిడ హారతి ఇచ్చారు, తరవాత పధ్నాలుగుమందీ ఒక్కొక్కరే ఇచ్చారు, ఒకావిడ మొగుడి పేరు మీద ఒకటీ కొడుకు పేరు మీద ఒకటీ ఇచ్చింది, పరమాన్నం పంచారు, నలభై నిమిషాలు, ఇంజను స్లోలోనే ఉంది, పసిగుంట నిద్దరోయినట్టు ఎంత నెమ్మదిగా ఉందో సూడండి అని అందరూ మెచ్చుకున్నారు, శాంతిరాజు చేతులు కట్టుకుని నిలబడి ఆ మెచ్చుకోలు విన్నాడు, పరమాన్నం రెండుసార్లు తిన్నాడు, లోపల ఏడు మొనలు అరిగిపోతున్నాయని అతనికి తెలియదు, తొమ్మిదో రోజున బస్సు శారదా నది వంతెన ఎక్కలేక ఆగిపోయింది, ప్రయాణికులు దిగి తోశారు, బెల్లం కొట్టు గుమస్తా ఒకాయన తెల్లపంచె మసి అయిందని వారం రోజులు చెప్పుకున్నాడు.

విప్పి చూసి ఏమని చెప్పాలో తోచక, మద్రాసు సరుకు మెత్తన బాబూ, ఇనుము మంచిది కాదు, అనేశాడు పెదబాబు గారి అరుగు మీద కూర్చుని, ఆ క్షణాన తనూ అదే నమ్మాడు, నిజంగా నమ్మాడు, అబద్ధమని తెలిసింది మూడు రోజులకి, ఆదివారం, చర్చిలో, పాట మధ్యలో, ఎడమచేతి చిటికెనవేలు ఐదో తెల్లమెట్టు మీద పడింది, వేలు అక్కడే ఉండిపోయింది, హవల్దారు సింగు గొంతు వినిపించింది, విశాఖపట్నం మిలటరీ వర్క్‌షాపులో గడ్డానికి వల కట్టుకుని ఇంజను మీదకి వంగి, కొత్త కేమ్ వేశాక ఇరవై నిమిషాలు కాలు తియ్యకు, దేవుడికి మొక్కుకోవాలంటే ఇరవై నిమిషాలయ్యాక మొక్కుకో, అని హిందీలో రెండుసార్లు అన్నాడు, రెండోసారి నవ్వుతూ అన్నాడు, శాంతిరాజు కూడా నవ్వాడు, నవ్వి మరిచిపోయాడు, చర్చిలో జనం పాట ముగించినా హార్మోనియం ఆ ఒక్క శ్రుతిలోనే మోగుతోంది, పాస్టరు గారు దగ్గారు, కృపామణి ఆడవాళ్ళ వైపు నుంచి చూసిన చూపు ఇంకా వీపుకి గుచ్చుకుంటోంది, ఇంటికొచ్చి ఆమెకు చెప్పాడు, అలగైతే ఎల్లి సెప్పెయ్యండి, ఇందులో ఏటుంది, అంది, ఎలా చెప్తాను, చోడవరమంతా తెలిసిపోయింది మద్రాసు ఇనుమని, ఇప్పుడు నేనే అంటే ఇంజను పట్టుకుని ఎవడైనా ఈ షెడ్డు మెట్టు ఎక్కుతాడా, విశాఖపట్నం తోలుకుపోతారు, అన్నాడు, ఏసయ్య ముందు అంత గొంతెత్తి పాడతారు, పెదబాబు గారి ముందు గొంతు రాదా మీకు, అని ఆమె చేట తీసుకుని బియ్యం చెరగడానికి పోయింది, అన్నది ఒక్కసారే, మళ్ళీ అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఊళ్ళో సంగతి వేరుగా నడిచింది, మద్రాసు ఇనుము అన్న మాట ఊరి మాట అయిపోయింది, నరసమ్మ గరిట కాడ ఊడితే మద్రాసు ఇనుమేనా అన్నారు, గానుగ బద్ద విరిగితే మద్రాసుదా అన్నారు, చీడికాడ నుంచి వచ్చిన రైతు ఒకడు తన రెండో అల్లుణ్ణి మద్రాసు ఇనుమన్నాడు, పెదబాబు గారు ఎదురుపడ్డప్పుడల్లా, ఏటోయ్ శాంతిరాజు, మద్రాసోల్లు కొత్త షాఫ్టు పంపుతన్నారు, ఈసారి ఇనుము గట్టిదో కాదో సూసి మరీ ఎయ్యి, అని నవ్వేవారు, తనూ నవ్వాల్సి వచ్చేది, అలా నవ్వితే రోజల్లా దవడ లాగేది, ఇంతలో షాఫ్టు వచ్చింది, రూటు పర్మిట్టుకి ఇంక నెల గడువే ఉంది, ఆ లోపల బస్సు రోడ్డెక్కకపోతే రూటు మరొకరిది అవుతుంది, ఇదీ పోతే మూడో షాఫ్టుకి సమయం లేదు, అందుకే ఒక ఎత్తు వేశాడు, హారతికి తొమ్మిది గంటలకి రమ్మని పెదబాబు గారి ఇంటికి కబురు పంపి, తనూ పరదేశీ ఏడింటికే షెడ్డు తలుపు తీశారు, ఇరవై నిమిషాలు కానిచ్చేస్తే తరవాత ఎంత స్లోలో పెట్టినా ఫరవాలేదు, పధ్నాలుగుమంది కాదు నూట నలభైమంది వచ్చి హారతులిచ్చుకోవచ్చు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, ఇంజనూ దక్కుతుంది, పేరూ దక్కుతుంది, ఆలోచన బాగానే ఉంది, అందులో మరిచిపోయింది ఒక్కటే, రెండు వేల మీద తిరిగే షెవర్లే ఇంజను మోత రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది, పెదబాబు గారి ఇల్లు రెండో వీధిలోనే.

ఏడూ పదిహేనుకి, అంటే ఏడో నిమిషంలో, పరదేశి బిందె దించి మెడ సాచి చూసి, మేస్త్రీ, అమ్మగారు, అన్నాడు, శాంతిరాజు తల తిప్పాడు, అచ్చియ్యమ్మ గారు వస్తున్నారు, డెబ్బై దాటిన మనిషి, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని వస్తున్నారు, వెనక పెదబాబు గారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వస్తున్నారు, తల స్నానం నీళ్ళు ఇంకా చెవి పక్కన కారుతున్నాయి, ఏరా, తొమ్మిదన్నావు, మమ్మల్ని ఒగ్గేసి స్టార్టు సేసేసేవేటి, అని ఆవిడ అన్నట్టు పెదవుల కదలికను బట్టి తెలిసింది, లేదమ్మా, ఊరికే చూస్తన్నాను, అని శాంతిరాజు అరిచాడు, ఏటీ, అని ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు, సూస్తన్నాను, సూస్తన్నానమ్మా, ఇంకా పదమూడు నిమిషాలు ఆగండి, అంటే ఆవిడ తల ఊపారు, విన్నారనుకున్నాడు, వినలేదు, పళ్ళెం మడ్గార్డు మీద పెట్టి అగ్గిపుల్ల గీశారు, కర్పూరం అంటుకుంది, ఎత్తారు, ఆరిపోయింది, మళ్ళీ గీశారు, ఈసారి కొంగు అడ్డం పెట్టుకుని ఎత్తారు, ఆరిపోయింది, మూడోసారి పెదబాబు గారు వచ్చి తల్లి ముందు గాలికి అడ్డంగా నిలబడి పంచె చెంగు రెండు చేతులా పరిచి పట్టుకున్నారు, పరదేశి బిందె అడ్డం పెట్టాడు, కర్పూరం అంటుకుని రెండు క్షణాలు ఉండి ఫ్యాను వైపు వంగి ఆరిపోయింది, అచ్చియ్యమ్మ గారి ముఖంలో నవ్వు పోయింది, మూడుసార్లు, అన్నారు కొడుకుతో, ఈ మాట మాత్రం స్పష్టంగా వినబడింది, మంచిది కాదురా పెదబాబూ, తగ్గించమను.

తొమ్మిది నిమిషాలు, పెదబాబు గారు అరచెయ్యి కిందికి కిందికి ఆడించి చూపించారు, తగ్గించు, శాంతిరాజు తల అడ్డంగా ఊపాడు, తన తల అలా ఊగడం చూసి తనే ఆశ్చర్యపోయాడు, ఈ మనిషికి పన్నెండేళ్ళలో ఎన్నడూ కాదనలేదు, తగ్గించమన్నానా, పెద్దావిడ నిలబడిపోయింది, ఒక్క నిమిషం, అని పెదబాబు గారు ఇటువైపు వచ్చారు, ఒక్క నిమిషం, ఒక్క నిమిషమైతే ఏమవుతుంది, శాంతిరాజు చెయ్యి అప్పటికే సడలింది, శ్రుతి తెల్లమెట్టు నుంచి కొంచెం దిగింది, అది చెవికి తెలిసింది, ఒక్క నిమిషమే కదా అన్నాడు లోపల ఒకడు, మొన్న కూడా ఒక్క నిమిషమనే మొదలైంది అన్నాడు ఇంకొకడు, ఆవిడ ఇచ్చాక పెదబాబు గారు ఇస్తారు, అప్పటికి ఇల్లంతా దిగుతుంది, మొగుడి పేరు మీద కొడుకు పేరు మీద, అయితే ఎందుకు తగ్గించకూడదో చెప్పాలి, చెప్తే మరి పోయినసారి ఎందుకు తగ్గించావని అడుగుతారు, ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంది, ఆ జవాబు చెప్పకూడదనే ఏడింటికి తలుపు తీశాడు, పెదబాబు గారి చెయ్యి కడ్డీ మీదకి వచ్చింది, శాంతిరాజు మోచెయ్యి అడ్డం పెట్టాడు, పెట్టాక వెనక్కి తీసే దారి లేదు, కడ్డీ మళ్ళీ పైకి ఎత్తాడు, శ్రుతి తెల్లమెట్టు ఎక్కింది, పోయినసారి ఇంజను పాడు చేసింది నేనే బాబూ, అన్నాడు.

ఏటీ, అన్నారు పెదబాబు గారు, నేనే బాబూ, మద్రాసు ఇనుము కాదు, హారతి కోసమని స్లోలో పెట్టి ఉంచేశాను, మొనలకి ఆయిలు అందక అరిగిపోయాయి, అన్నాడు, ఇనపడ్నేదు, అన్నారు ఆయన, శాంతిరాజు ఊపిరి పీల్చుకుని మూడోసారి అరిచాడు, గొంతు ఇంజను శ్రుతిలోనే పడి అందులో కలిసిపోయింది, ఐదో తెల్లమెట్టు మీద ఇద్దరూ పాడినట్టు అయింది, మూడు నెలలు మింగిన మాట మూడుసార్లు చెప్పినా చెవిన పడకపోతే ఇంకేం చెయ్యాలి, నవ్వొచ్చింది, ఇలాంటి సమయంలో నవ్వు రావడమేమిటని భయం కూడా వేసింది, అప్పుడు పరదేశి బిందె కింద పెట్టి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, అనకాపల్లి స్టాండులో ప్రయాణికుల్ని పిలిచే గొంతుతో, పోయినసారి తప్పు మేస్త్రిదేనంట బాబూ, స్లోలో ఎట్టేసి షాఫ్టు అరగ్గొట్టేసేనని సెప్తన్నాడు, అని కేకేశాడు, ఆ కేక షెడ్డు దాటి రోడ్డు దాటింది, నరసమ్మ పాకలో తింటున్నవాళ్ళు చేతులాపారు, ఏటంటన్నాడు అని ఒకడు అడిగాడు, తప్పు మేస్త్రిదంటరా, మద్రాసుది కాదంట, అని నరసమ్మ వెనక కూర్చున్నవాడికి అందించింది, వాడు ఇంకొకడికి అందించాడు, మాట రోడ్డు వెంబడి అలా పోతుంటే శాంతిరాజు కళ్ళారా చూశాడు, పదకొండు నిమిషాలు, చెయ్యి కడ్డీ మీదే ఉంది.

అచ్చియ్యమ్మ గారు పళ్ళెం కొడుకు చేతిలో పెట్టి మడ్గార్డు చుట్టూ తిరిగి వచ్చారు, దగ్గరికి, ఇంకా దగ్గరికి, శాంతిరాజు చెవి పట్టుకుని కిందికి లాగారు, మెలిపెడతారనుకున్నాడు, మెలిపెట్టలేదు, చెవిలో మాట్లాడడానికి లాగారు, ఆ సంగతి ఇయ్యాల అరిసి సెప్పాలేట్రా, నాకెప్పుడో తెల్సు, అన్నారు, ఎలా తెలుసమ్మా, అంటే, ఆ దినం మా అరుగు మీద కూకుని మద్రాసోల్లని తిట్టేవు, కోడలు రాజ్యం మజ్జిగ తెచ్చి ఇచ్చింది, ముట్టుకోనేదు, మా ఇంటికొచ్చి రెండు గలాసులు తాగకుండా ఎప్పుడైనా ఎల్లేవా నువ్వు, నాను ఆ పూటే సెప్పేను పెదబాబుకి, ఈడేదో పొరపాటు సేసేడ్రా, మనకి సెప్పనేకపోతన్నాడు, అన్నారు, అప్పటికి ఆ మాటలు నిజంగానే నమ్మాడు కదా తను, అయినా మజ్జిగ తాగలేకపోయాడు, చెవే కాదు, గొంతుక్కూడా తల కన్నా ముందే తెలిసిందన్నమాట, అని ఒక పక్క ఆలోచన పోతుంటే పెదబాబు గారు ఈ పక్క నుంచి, మరి రోజూ అడిగేను కదటోయ్, మద్రాసు ఇనుమేనా మద్రాసు ఇనుమేనా అని, ఎప్పటికైనా కాదంటావని, నువ్వు నవ్వేసి ఎల్లిపోతన్నావు, నీ నవ్వు సూసి మాకు జాలేసింది, అని అరిచారు, ఎన్ని నిమిషాలింకా, అన్నారు అచ్చియ్యమ్మ గారు, ఏడమ్మా, ఏడు నిమిషాలు తగ్గకూడదు, అప్పటిదాకా హారతి నిలవదు, అన్నాడు, ఆవిడ ఫ్యాను వైపు ఓసారి చూశారు, తరవాత బస్సు వైపు చూశారు, కొడుకు చేతిలో పళ్ళెం లాక్కుని, పరదేశీ, తలుపు తియ్యరా, ఇంజనికి కాకపోతే స్టీరింగుకి ఇస్తాను, రెండూ ఒక బండివే కదా, అన్నారు, పరదేశి ఆవిణ్ణి చెయ్యి పట్టి ఎక్కించాడు, అద్దం వెనక గాలి లేదు, కర్పూరం వెలిగింది, డ్రైవరు సీటులో ఆవిడ కూర్చుని స్టీరింగు చుట్టూ మూడుసార్లు మంట తిప్పారు, తిప్పాక దిగలేదు, బాగుందిరా ఇక్కడ, సీటంతా అదురుతంది, కాళ్ళ నొప్పులకి మంచిదే, అని కిటికీలోంచి కేకేసి అక్కడే కూర్చున్నారు, పెదబాబు గారు పక్క సీటు ఎక్కారు.

పదిహేడు, చెయ్యి తిమ్మిరెక్కింది, కడ్డీ ఎక్కడ ఆగిందో వేలు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు, పరదేశి బిందె ఖాళీ చేసి నూతి దగ్గరికి పోయి నింపుకొచ్చాడు, పద్దెనిమిది, నరసమ్మ ఆకులో నాలుగు ఇడ్లీలు కట్టి తెచ్చి మడ్గార్డు మీద పెట్టి, నాలుగే, లెక్క సరిగ్గా ఎట్టేను, అని వెళ్ళింది, ఇంజను శ్రుతి దిగలేదు, ఎక్కలేదు, పంతొమ్మిది, ఇరవై, శాంతిరాజు కడ్డీని వెంట్రుకవాసి చొప్పున వదిలాడు, మోత దిగింది, ఇంకా దిగింది, స్లోకి వచ్చి నిలిచింది, మూడు నెలలుగా వినబడని వీధి చప్పుళ్ళు వినబడ్డట్టనిపించింది, కాకి, నూతి గిలక, బెల్లం బండి ఇరుసు, చెవి పెట్టి విన్నాడు, వాల్వుల దగ్గర టకటక లేదు, ఇంజను ఆపేశాడు, పైమూత విప్పాడు, వేళ్ళు కాలాయి, ఊదుకున్నాడు, చీపురు ఈనె ఒకటి విరిచి గోరుతో గీత పెట్టి, పరదేశిని హేండిలు నెమ్మదిగా తిప్పమన్నాడు, ఒక్కో వాల్వు ఎంత లేస్తోందో ఈనె పెట్టి చూస్తున్నాడు, మొదటిది గీత దాకా లేచింది, రెండోది గీత దాకా లేచింది, పెదబాబు గారు భుజం మీదుగా వంగి చూస్తున్నారు, ఐదు, ఆరు, పోయినసారి ఆరోది గీతకి సగం కూడా రాలేదు, ఇప్పుడు వచ్చింది, ఎనిమిది, ఇవాళ ఊరంతా చెప్పుకుంటుంది, రేపు చర్చిలో పాస్టరు గారు కూడా అడుగుతారు, అడగనీ, తొమ్మిది, అయితే ఒకటి అంతు పట్టడం లేదు, మజ్జిగ రోజే తెలిసిందన్నారు కదా, తెలిసినవాళ్ళు ఇంజనుని విశాఖపట్నం తోలుకుపోలేదేం, పర్మిట్టుకి నెల గడువు పెట్టుకుని, ఉన్న ఒక్క బస్సు, పది, షాఫ్టు వచ్చిన రోజున పెదబాబు గారు గడ్డిలో చుట్టిన దాన్ని భుజాన వేసుకుని స్వయంగా తెచ్చి ఈ బల్ల మీద పెట్టారు, వాళ్ళు ఏమీ తెలియక ఇచ్చారని తను అనుకున్నాడు, తన అబద్ధం మీద నమ్మకంతో ఇచ్చారనుకున్నాడు, ఆ నమ్మకం పోగొట్టుకోకూడదని మూడు నెలలు తిండి సహించక తిరిగాడు, పదకొండు, లేచింది, అబద్ధాన్ని వాళ్ళు ఒక్క పూట కూడా నమ్మలేదు, పన్నెండు, పరదేశి హేండిలు ఇంకొంచెం తిప్పాడు, ఆఖరి వాల్వు గీత దాకా వచ్చి ఆగింది, శాంతిరాజు ఈనెని అలాగే పట్టుకుని ఉండిపోయాడు, తెలిసే ఇచ్చారు.